కౌలు సాగుపై వ్యాసం: ముగ్గురు రిఫరీలు మూడు దారులు చూపుతున్నారు, సవరణ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (కోనసీమ అధ్యాపకురాలు, అమలాపురం)

పెద్దలకు, తోటి పరిశోధకులకు నమస్కారం. నేను డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం బోధిస్తూ కౌలు సాగుపై పరిశోధన చేస్తున్నాను. గోదావరి మధ్య డెల్టాలో ఒకే కాలువ కింద ఉన్న కొన్ని గ్రామాల్లో సొంత చేల దిగుబడినీ కౌలు చేల దిగుబడినీ సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) పంటల్లో పోల్చి రాసిన వ్యాసాన్ని విదేశీ వ్యవసాయ అర్థశాస్త్ర పత్రిక ఒకదానికి పంపాను. మన దగ్గర కౌలు ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే ఖాయమవుతుంది కాబట్టి ఆ పైన పండిన ప్రతి గింజా కౌలు రైతుకే దక్కుతుందనీ, అందువల్ల పంటలో సగం యజమానికి ఇచ్చే సగపాలు పద్ధతిలో రైతు పెట్టుబడి తగ్గించుకుంటాడని ఆర్థికవేత్తలు చెప్పే ఇబ్బంది ఇక్కడ కనిపించదనీ నా వాదన.

పత్రిక నుంచి 'రివైజ్ అండ్ రీసబ్మిట్' (సవరించి మళ్లీ పంపమన్న జవాబు) వచ్చింది. ఆరు నెలల గడువు ఇచ్చారు. తూర్పు, పశ్చిమ డెల్టాల్లో కూడా సర్వే చేయాలని మొదటి రిఫరీ (పత్రిక తరఫున వ్యాసాన్ని పరిశీలించే నిపుణుడు) కోరారు. కౌలుకు తీసుకునేవారు సహజంగానే సమర్థులైన రైతులు కావచ్చనీ, కౌలుకు ఇచ్చే భూములే వేరు రకంగా ఉండవచ్చనీ, కాబట్టి నా పోలిక నిలవదనీ రెండవ రిఫరీ అభ్యంతరం చెప్పారు. మూడవ రిఫరీ, యజమాని సంతకంతో కౌలుదారుకు పత్రం ఇచ్చే 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రభావాన్ని కొలవమంటూనే, వ్యాసాన్ని మూడో వంతు తగ్గించమన్నారు. సంపాదకుడి లేఖ మాత్రం చిన్నది: రెండవ రిఫరీ ప్రశ్నకు సమాధానం లేకుండా ముందుకు వెళ్లలేమని రాసి, మిగిలినవాటిని నా విచక్షణకు వదిలారు. అన్నీ చేయడానికి నా దగ్గర సమయమూ లేదు, నిధులూ లేవు. ఈ వ్యాసాన్ని వెనక్కి తీసుకుని ఇంకో పత్రికకు పంపడం మేలని కొందరు సహోద్యోగులు అంటున్నారు. మీ సలహా ఏమిటి?

సమాధానం (విశ్రాంత ఆచార్యుడు, రాజమహేంద్రవరం)

అమ్మా, వెనక్కి తీసుకునే ఆలోచన ముందు మానుకోండి. అర్థశాస్త్ర పత్రికల్లో చాలా వ్యాసాలు రిఫరీల దాకా వెళ్లకుండానే సంపాదకుడి బల్ల మీదే ఆగిపోతాయి. వెళ్లినవాటిలోనూ ఎక్కువ భాగం మొదటి విడతలోనే తిరిగి వస్తాయి. మీకు వచ్చినది ఆహ్వానం. ఆలస్యం ఈ రంగంలో కొత్తదీ కాదు. 1970ల తొలినాళ్లలో ప్రముఖ అర్థశాస్త్ర పత్రికల్లో పంపిన ఆరు నుంచి తొమ్మిది నెలల్లో ఆమోదం వచ్చేదనీ, తరువాతి మూడు దశాబ్దాల్లో అది సుమారు రెండేళ్లకు పెరిగిందనీ, సవరణలు భారీగా కోరడమే అందుకు ముఖ్య కారణమనీ ఆర్థికవేత్త గ్లెన్ ఎలిసన్ 2002లో చూపించారు. మరో పత్రికకు వెళ్తే ఆ కాలం మొదటినుంచి మొదలవుతుంది, అక్కడి రిఫరీ కూడా ఇదే ప్రశ్న అడుగుతారు.

మీ సమయంలో ఎక్కువ భాగం రెండవ రిఫరీకి కేటాయించండి. సంపాదకుడి లేఖ ఆ మాటే చెప్పింది. ఆ రిఫరీ అభ్యంతరానికి చాలా కాలంగా గౌరవం పొందిన సమాధానం ఒకటి ఉంది. రాద్వాన్ అలీ షబాన్ 1987లో జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీలో ఇక్రిశాట్ (హైదరాబాద్ దగ్గరి అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ) గ్రామ అధ్యయనాల సమాచారంతో, ఒకే రైతు తన సొంత చేనునూ పాలుకు తీసుకున్న చేనునూ ఎలా సాగు చేస్తున్నాడో పోల్చారు. రైతు ఒక్కడే కాబట్టి అతని నేర్పు, ఓపిక, చేతిలోని డబ్బు రెండు చేలకూ సమానమే అవుతాయి. కోనసీమలో అరెకరమో ఎకరమో సొంత భూమి ఉండి, మరికొంత కౌలుకు చేసే రైతులు మీ సర్వేలో తప్పక ఉంటారు. వారిని విడిగా తీసి, ప్రతి చేనుకూ నేల రకం, కాలువ తూము నుంచి దూరం, మెరకా పల్లమా అన్న వివరాలు చేర్చి మళ్లీ లెక్కించండి. సొంత భూమి బొత్తిగా లేని కౌలుదారులు ఈ పోలికలోకి రారు. ఆ మాట దాచకుండా మీరే రాయండి. గ్రామాల సంఖ్య తక్కువ కాబట్టి గ్రామ స్థాయిలో క్లస్టర్ చేసిన (ఒక్కో గ్రామాన్ని ఒక గుంపుగా చూసి లెక్కించిన) స్టాండర్డ్ ఎర్రర్లను, అంటే అంచనాలోని అనిశ్చితి కొలతలను, మామూలు పద్ధతిలో ఇస్తే రిఫరీ వెంటనే పట్టుకుంటారు. వైల్డ్ క్లస్టర్ బూట్‌స్ట్రాప్ (గుంపులు తక్కువగా ఉన్నప్పుడు వాడే లెక్క పద్ధతి) ఫలితాలు కూడా పక్కన చూపండి. సార్వా, దాళ్వాలను కలిపి సగటు చూపవద్దు. మన డెల్టాలో దాళ్వా దిగుబడి సాధారణంగా ఎక్కువ. రెండూ కలిస్తే కౌలు ప్రభావమేదో ఋతువు ప్రభావమేదో బయటివారికి తెలియదు.

సమాధానం (వ్యవసాయ గణాంకాల ఉద్యోగి, భీమవరం)

ఆచార్యుల వారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, మొదటి రిఫరీని అంత తేలికగా వదిలేయరాదని నా అభిప్రాయం. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు వరి చేను కౌలు చేపల, రొయ్యల చెరువుల కౌలుతో పోటీపడుతుంది. చెరువుకు నగదు కౌలు ఎక్కువ వస్తుందనుకున్న యజమాని వరికి ఏ భూమిని మిగులుస్తాడన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. కాబట్టి పశ్చిమ డెల్టాలో ఇంకొక సర్వే చేస్తే అది మీ వ్యాసానికి విస్తరణ కాదు, వేరే వ్యాసం. ఆ కారణాన్నే రిఫరీకి రాసి, శీర్షికలోనూ సారాంశంలోనూ 'గోదావరి డెల్టా' అన్నచోట 'మధ్య డెల్టా' అని మార్చండి. సర్వే చేయకుండా శీర్షికను అలాగే ఉంచితే మాత్రం ఆయన కోపం న్యాయమైనదే.

మీ వాదనలో నాకు కనిపించిన బలహీనత ఇంకొకటి ఉంది. రిఫరీలు అడగలేదు, రెండో విడతలో అడగవచ్చు. కౌలు ముందే ఖాయమన్నారు. తుపానుకో ముంపుకో సార్వా దెబ్బతిన్నప్పుడు చాలా ఊళ్లలో యజమాని కొన్ని బస్తాలు తగ్గించుకుంటాడు, కొన్ని ఊళ్లలో తగ్గించడు. తగ్గించే ఆచారం ఉన్నచోట అది పేరుకు ఖాయ కౌలు అయినా, నష్టంలో యజమానికీ పాలు ఉన్నట్లే. మాట ప్రకారం కుదిరిన కౌలునూ చివరకు కొలిచి ఇచ్చిన బస్తాలనూ విడి నిలువు వరుసల్లో చూపితే ఈ ప్రశ్న ముందే తీరుతుంది. బస్తా అంటే 75 కిలోల ధాన్యమని మొదటి ప్రస్తావనలోనే రాయండి. విదేశంలో కూర్చుని చదివేవారికి అది తెలియదు.

సమాధానం (పరిశోధక విద్యార్థి, కాకినాడ)

ఒక విషయం ఇప్పుడే చూసుకోవాలని మనవి. అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ పత్రికల్లో 2019 నుంచి ప్రచురణకు ముందే డేటానూ ప్రోగ్రాములనూ డేటా ఎడిటర్ బృందం పరిశీలిస్తోంది. ఇతర పత్రికలు కూడా డేటాను బహిరంగంగా ఉంచమని అడుగుతున్నాయి. మీ సమాచారం దాదాపు అంతా నోటిమాట కౌళ్లది. కాగితం మీద కౌలుదారు పేరు పడితే హక్కు అడుగుతాడన్న భయం 1956 కౌలుదారీ చట్టం నాటి నుంచీ యజమానుల్లో ఉన్నదే. 2019 చట్టం కింద పదకొండు నెలల పత్రానికి కూడా సంతకం పెట్టడానికి వెనుకాడేది అందుకే. గ్రామం పేరు, విస్తీర్ణం, తూము దూరం మూడూ ఒకే ఫైలులో ఉంటే, పేర్లు తీసేసినా ఊళ్లోవారు ఆ చేను ఎవరిదో ఇట్టే చెప్పగలరు. మరుసటి ఏడాది ఆ రైతుకు కౌలు దొరక్కపోతే బాధ్యత ఎవరిది? గ్రామాలకు సంకేతాలిచ్చి, దూరాన్ని శ్రేణులుగా మార్చి, ఎంతవరకు బయటపెట్టగలరో సంపాదకుడికి ఈ విడత లేఖలోనే తెలపండి. ఆమోదం వచ్చాక చెబితే ఇబ్బంది పడతారు.

ప్రశ్నించినవారు

అందరికీ కృతజ్ఞతలు. సొంత చేను, కౌలు చేను రెండూ ఉన్న రైతులు నా సర్వేలో సరిపడా ఉన్నారు. ఆ లెక్క మొదలుపెడతాను. ఇచ్చిన బస్తాల వివరం కూడా ప్రశ్నావళిలో ఉంది. మూడవ రిఫరీకి ఏమని రాయాలో మాత్రం తేలడం లేదు.

సమాధానం (విశ్రాంత ఆచార్యుడు, రాజమహేంద్రవరం)

మీ సర్వే ఒక్క సంవత్సరానిదే అయితే చట్టానికి ముందు పరిస్థితి మీ దగ్గర లేదు. ఆ చట్టం కింద ఇచ్చే సాగుదారు కార్డు ఉన్నవారినీ లేనివారినీ పోల్చడమూ కుదరదు. యజమాని సంతకం పెట్టిన కౌలుదారు మిగిలినవారి వంటివాడు కాదు. సరిగ్గా రెండవ రిఫరీ చెప్పిన దోషమే అక్కడ తిరిగి వస్తుంది. ఈ రెండు కారణాలనే మర్యాదగా రాసి, చట్టం గురించి నేపథ్యంలో ఒక పేరా చేర్చి ఊరుకోండి. నిడివి విషయంలో మాత్రం మూడవ రిఫరీ మాట వినండి. డెల్టా చరిత్ర, కాటన్ ఆనకట్ట వివరాలు మనకు ప్రియమైనవే గానీ, మీ ఫలితానికి అవసరం లేనివన్నీ అనుబంధంలోకి పంపవచ్చు.

సమాధాన లేఖలో ప్రతి రిఫరీ వ్యాఖ్యనూ యథాతథంగా ఉంచి, దాని కింద మీరు చేసిన మార్పునూ అది ఏ పుటలో ఉందో కూడా రాయండి. చేయనిచోట చేయలేదనే రాయండి, కారణం ఒకటి చాలు. లేఖ మొదట్లో సంపాదకుడి కోసం అర పుటలో కొత్త పోలిక ఫలితం పెట్టండి. అది మీ పాత ఫలితం కన్నా చిన్నదిగా వచ్చినా సరే, ఆ అంకెనే ముందు ఉంచండి.