డ్రాయింగ్ పీరియడ్ తీసేసి ధ్యానం పెడితే పిల్లల్లో సృజన పెరుగుతుందా?

హన్మకొండ అమ్మ

మా పాప ఏడో తరగతి. పోయిన సోమవారం డైరీలో ఒక నోటీసు అంటించి పంపారు. వారానికి రెండు డ్రాయింగ్ పీరియడ్లు ఇకపై ఉండవట. ఆ 40 నిమిషాలూ ధ్యానం, ప్రాణాయామం చేయిస్తారట. దానివల్ల పిల్లల్లో ఆనందం, సృజనాత్మకత పెరుగుతాయని రాశారు. కింద తల్లిదండ్రుల సంతకానికి గీత గీసి ఉంది. నేనింకా పెట్టలేదు.

నేను యోగాకు వ్యతిరేకిని కాను. 6 ఏళ్లుగా తెల్లవారుజామున చాప వేసుకుంటున్నాను. రెండో కాన్పు తర్వాత నడుము నొప్పి భరించలేక మొదలుపెట్టాను. నొప్పి ఏడాదిలోనే తగ్గింది, యోగా మాత్రం మానలేదు. ఎందుకంటే, శవాసనం నుంచి లేచి వంటింట్లోకి వెళితే పొయ్యి మీద పాలు అంచు దాకా లేవడం, మంట తగ్గించగానే ముడతలు పడుతూ దిగిపోవడం నిలబడి చూడబుద్ధవుతుంది. అంతకుముందు అదే పాలు పొంగిపోతే ఇంటిల్లిపాది మీదా అరిచేదాన్ని. రోజూ కలిగే సంతోషం అంటే నాకు అదే. కాబట్టి నోటీసులో రాసింది అబద్ధమని నేను అనలేను.

అయినా మనసొప్పడం లేదు. పాప డ్రాయింగ్ పుస్తకంలో ఆఖరి పేజీలో వేయిస్తంభాల గుడి నంది ఉంది. మెడలో గంటలు, మూపురం మీది దండలు అన్నీ వేసింది, కళ్లు వేయలేదు. అడిగితే, "కళ్లు సరిగ్గా గుర్తులేవమ్మా, మళ్లీ గుడికి వెళ్లి చూసి వచ్చే పీరియడ్‌లో వేస్తాను" అంది. ఆ పీరియడ్ ఇప్పుడు లేదు.

సంతకం పెట్టమంటారా? పిల్లలున్నవాళ్లు, యోగా తెలిసినవాళ్లు చెప్పండి.

కాజీపేట నాన్న

పెట్టండమ్మా. బొమ్మలు ఇంట్లో కూడా వేసుకోవచ్చు. కాగితం, పెన్సిలు ఉంటే చాలు. కుదురుగా కూర్చోవడం ఇంట్లో ఎవరు నేర్పుతున్నారు? మా ఇంట్లో టీవీ ఒక గదిలో, ఫోను ఇంకో గదిలో. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. అన్నం తింటున్నప్పుడు వాడి చేతిలోంచి ఫోను తీసుకుంటే కంచం పక్కకు తోసేస్తాడు. ఆ పిల్లవాడికి డ్రాయింగ్ కావాలా, ఊపిరి మీద ధ్యాస కావాలా?

నేను రైల్వేలో పనిచేస్తాను. వారంలో మూడు నాలుగు రాత్రులు డ్యూటీ. రక్తపోటు వచ్చింది, మాత్రలు మొదలయ్యాయి. డాక్టరు గారు మాత్రలు మానొద్దని చెబుతూనే నెమ్మదిగా ఊపిరి తీయడం అలవాటు చేసుకోమన్నారు. నిమిషానికి ఆరు సార్లే ఊపిరి తీసుకునేలా పది నిమిషాలు కూర్చుంటాను. మొదటి నెల ఏమీ తెలియలేదు. రెండో నెలలో, డ్యూటీ దిగి ఇంటికి వస్తూ చాయ్ కొట్టు దగ్గర ఆగి, గ్లాసు రెండు చేతులా పట్టుకుని ఊరికే నిలబడ్డాను. అలా ఎన్నాళ్లకు నిలబడ్డానో నాకే గుర్తులేదు. నాకు 47వ ఏట దొరికింది మా వాడికి 14వ ఏటే దొరికితే బాగుండునని నా ఆశ.

చదువరి

మనస్తత్వశాస్త్రం పాఠాలు చెబుతాను కాబట్టి పరిశోధనల సంగతి చెబుతాను. నోటీసులో రెండు వేరు వేరు మాటలు కలిపేశారు: ఆనందం ఒకటి, సృజన ఒకటి.

ఆనందం సంగతి. 2014లో అమెరికా వైద్య పత్రిక ఒకటి ధ్యాన కార్యక్రమాల మీద జరిగిన 47 ప్రయోగాలను, అందులో పాల్గొన్న 3,515 మందిని కలిపి సమీక్షించిన వ్యాసం వేసింది. ఆందోళన, దిగులు, నొప్పి మోస్తరుగా తగ్గినట్టు తేలింది. అది చిన్న విషయం కాదు, కాజీపేట నాన్న గారి అనుభవం దానికి దగ్గరగానే ఉంది. అయితే ఉల్లాసం పెరిగిందని చెప్పడానికి తగిన రుజువు దొరకలేదు. వ్యాయామం లాంటి మిగతా పద్ధతుల కంటే ధ్యానం మెరుగని కూడా తేలలేదు. అంటే ధ్యానం బరువు దించుతుందని ధైర్యంగా చెప్పవచ్చు. బరువు దిగిన చోట సంతోషం దానంతటదే వచ్చి కూర్చుంటుందా అన్నది మనిషిని బట్టి ఉంటుంది.

మనసు ఊరికే తిరగడం మంచిది కాదనడానికీ ఆధారం ఉంది. 2010లో హార్వర్డ్ పరిశోధకులు 2,250 మందిని ఫోన్ల ద్వారా రోజులో అప్పుడప్పుడు పలకరించి, ఏం చేస్తున్నారు, మనసు ఎక్కడుంది అని అడిగారు. దాదాపు 47 శాతం సార్లు మనసు చేస్తున్న పనిమీద లేదు. అలా లేనప్పుడు జనం తక్కువ సంతోషంగా ఉన్నారు.

సృజన దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. 2012లో కాలిఫోర్నియాలో ఒక ప్రయోగం చేశారు. ఇటుక లాంటి మామూలు వస్తువు ఇచ్చి, దీన్ని ఎన్ని విధాలుగా వాడవచ్చో చెప్పమన్నారు. మధ్యలో విరామం ఇచ్చి మళ్లీ అవే వస్తువులు అడిగారు. విరామంలో ఊరికే కూర్చున్నవాళ్లు, కష్టమైన పనిలో మునిగినవాళ్లు పెద్దగా మెరుగుపడలేదు. మనసు తిరగడానికి వీలున్న తేలికైన పనిలో ఉన్నవాళ్లే కొత్త ఆలోచనలు ఎక్కువ చెప్పారు. అదే ఏడాది నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో ధ్యానం మీదే పరీక్షించారు. వచ్చిన ఆలోచనను వచ్చినట్టు చూస్తూ పోయే పద్ధతి ఇలాంటి పరీక్షలో సాయపడింది. ఒక్కదాని మీదే గురి పెట్టే పద్ధతికి ఆ ఫలితం రాలేదు. మన బడుల్లో చేయించేది చాలావరకు ఈ రెండో రకమే.

ఇది మనకు కొత్త సంగతి కాదు. బమ్మెర పోతనకు పద్యం మధ్యలో ఆగిపోతే ఇల్లు విడిచి వెళ్లాడని, తిరిగి వచ్చేసరికి పద్యం పూర్తయి ఉందని, రాముడే వచ్చి రాశాడని మన జిల్లాల్లో తాతలు చెబుతారు. ఐతిహ్యాన్ని ఐతిహ్యంగానే తీసుకున్నా, రాసేవాళ్లందరూ ఎరిగిన అనుభవం అందులో ఉంది. మాట రాకపోతే గంటం కిందపెట్టి లేవాలి. అయితే లేవడానికి ముందు గంటం చేతిలో ఉండాలి కదా! పాప చేతిలోంచి పెన్సిలు తీసేసి సృజన పెంచుతామంటే నేను ఒప్పుకోను.

కాజీపేట నాన్న

సార్, మీ లెక్కలు కాదనను. కానీ ప్రయోగంలో 47 శాతం అని రాసుకున్నవాళ్లు మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర కూర్చుని చూడలేదు. ఉల్లాసం పెరగకపోతే పోనీ, కంచం పక్కకు తోయకుండా ఉంటే అదే నాకు పండగ.

పడుగూ పేకా

కొత్తవాడలో పుట్టి పెరిగాను. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు పేపర్లలో చదివే ఉంటారు. మా నాన్న వాటినే నేసేవారు.

మగ్గం పని ధ్యానం లాంటిదని బయటివాళ్లు తరచుగా అంటారు. అందులో నిజం ఉంది గానీ సగమే. పడుగులోంచి పేక దూర్చడం, దగ్గరికి కొట్టడం, మళ్లీ దూర్చడం... గంట గడిచేసరికి నాన్న ముఖంలో గీతలు సర్దుకునేవి. పిలిచినా వినిపించేది కాదు. కానీ అదే చేయి, అదే మగ్గం, శనివారం వచ్చేసరికి వేరుగా ఉండేది. కూలి లెక్క చూసుకునే రోజది. ఎన్ని గజాలు అయ్యాయి, అప్పు ఎంత మిగిలింది అని మనసు పరుగెత్తుతుంటే, చేతులు ఎంత లయగా ఆడినా ప్రశాంతత ఉండదు. ఆ రోజు నేసిన అంచు చూసి చెప్పేదాన్ని నేను, బిగువు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ.

ఒక సంగతి చెబుతాను. ఒకసారి ఎరుపు పోగు అయిపోయింది. తెచ్చుకోవడానికి డబ్బులు లేవు. నాన్న చాలాసేపు మగ్గం ముందు ఏమీ చేయకుండా కూర్చున్నారు. తర్వాత మిగిలిపోయిన ఆవపువ్వు రంగు పోగు తీసి, మెట్లు మెట్లుగా దిగే గళ్లలో మూడో మెట్టు దగ్గర వేశారు. ఆ జంపఖానా చూసి వచ్చినవాళ్లు అదే కావాలని పట్టుబట్టారు. ఆ రంగు ఎక్కడినుంచి వచ్చింది? ఏమీ చేయకుండా కూర్చున్న ఆ అరగంట నుంచా, 30 ఏళ్లుగా పోగులు పట్టిన వేళ్ల నుంచా? నాన్ననే అడిగాను. "వేళ్లకు తెలుసు బిడ్డా, మనసు అడ్డం తప్పుకోవాలి, అంతే" అన్నారు.

అక్కా, మీ పాప వేళ్లకు తెలియాల్సింది ఇంకా చాలా ఉంది. సంతకం పెట్టకండి.

ఉదయం ఐదు

11 ఏళ్లుగా పిల్లలకు యోగా నేర్పుతున్నాను. నన్ను అడిగితే పెట్టమనే చెబుతానని అనుకుంటారు. నేనూ వద్దనే అంటున్నాను, అదీ యోగా పక్షాన నిలబడే.

పతంజలి చెప్పిన ఎనిమిది అంగాల్లో ఆసనం మూడోది, ధ్యానం ఏడోది. వాటికి ముందున్నవి యమ నియమాలు, అంటే మనిషి ఎలా నడుచుకోవాలో చెప్పేవి. యమాల్లో మొదటిది అహింస. నియమాల్లో రెండోదాని పేరు ఏమిటో తెలుసా? సంతోషం! ధ్యానం చేస్తే చివర్లో బహుమానంగా వచ్చేదిగా మాత్రమే కాదు, మొదటి మెట్ల దగ్గరే రోజూ సాధన చేయాల్సినదిగా పెట్టారు. ఉన్నదాంతో మనసు నిండటం అని దాని అర్థం. పిల్లకు ఉన్నది లాక్కుని సంతోషం నేర్పుతామనడం ఎక్కడి పద్ధతి?

ఇంకొకటి. ఆరో అంగం ధారణ, అంటే మనసును ఒకచోట నిలపడం. నంది కళ్లు గుర్తులేవని, మళ్లీ వెళ్లి చూసి వేస్తానని మీ పాప అంది చూడండి, అదే ధారణ. అది కళ్లు తెరిచి చేసేది. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు రామప్ప గుడి శిల్పాలను చూసి, జాయప సేనాని 13వ శతాబ్దంలో రాసిన నృత్తరత్నావళి అనే నాట్యగ్రంథాన్ని పరిశీలించి, కాకతీయుల నాటి పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోశారు. రాయిలోని భంగిమను అంత దీక్షగా చూడగలగడం కంటే గొప్ప ఏకాగ్రత నాకు తెలియదు.

తరగతిలో జరిగేది కూడా చెప్పాలి. 12 ఏళ్ల పిల్లలను 40 నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోమంటే పది నిమిషాలకు వెనక వరుసలో మోచేతులు కదులుతాయి. ఇరవై నిమిషాలకు టీచరు గొంతు పెరుగుతుంది. అప్పుడు పిల్లలు ధ్యానం బదులు భయం నేర్చుకుంటారు. నేను చేయించేది ఇది: కాసేపు సూర్యనమస్కారాలు, ఒంటికాలి మీద వృక్షాసనం, తర్వాత భ్రామరి. తుమ్మెదలా గొంతులో ఝంకారం చేయడమంటే వాళ్లకు ఎంత ఇష్టమో! గది మొత్తం మోగుతుంది, ఆగగానే వచ్చే నిశ్శబ్దాన్ని పిల్లలే చెవులప్పగించి వింటారు. ఆ తర్వాత ఐదారు నిమిషాలు కూర్చుంటే చాలు. కళ్లు మూయడం తప్పనిసరి చేయను. తండ్రిని పోగొట్టుకున్న ఒక బాబు కళ్లు మూయగానే ఏడ్చేవాడు. కిటికీలోంచి వేపచెట్టు చూస్తూ కూర్చోమన్నాను. నాలుగు నెలల తర్వాత తనే మూసుకున్నాడు.

కాజీపేట అన్నా, మీ బాధ నాకు అర్థమైంది. ఒక్క మాట అడుగుతాను. మీరు పది నిమిషాలు కూర్చునేటప్పుడు అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకున్నారా?

ఇంటర్ రెండో సంవత్సరం

నేను చదివే హాస్టల్లో రోజూ రాత్రి తొమ్మిదికి ధ్యానం. చప్పుడు చేస్తే పేరు రాసుకుంటారు. మేమందరం కళ్లు మూసుకుని రేపటి పరీక్షలో రాబోయే మార్కులు లెక్కపెట్టుకుంటాం. సెలవుల్లో మా ఊరికి వెళ్లినప్పుడు బతుకమ్మకు పూలు పేరుస్తుంటే మాత్రం మా అమ్మమ్మ పక్కన గంట సేపు ఒక్క మార్కూ గుర్తురాలేదు. తంగేడు మీద గునుగు, గునుగు మీద మళ్లీ తంగేడు. ఏ రంగు పక్కన ఏ రంగు వేయాలో ఎవరూ చెప్పలేదు. ధ్యానం తప్పని నేను అనను. మార్కుల కోసం పెట్టొద్దని పెద్దలకు చెప్పండి.

కాజీపేట నాన్న

ఉదయం ఐదు గారూ, లేదమ్మా. వాడిని కూర్చోమని చెప్పాను గానీ, నాతో కూర్చోమని అడగలేదు. నేను కూర్చునే వేళకు వాడు నిద్రలో ఉంటాడు.

నిన్న రాత్రి డ్యూటీ లేదు. భోజనం అయ్యాక నేనే ఫోను పక్కన పెట్టి, వరండాలో చాప పరిచి, రారా అన్నాను. వచ్చాడు. ఐదు నిమిషాలకే, "నాన్నా, మీ ముక్కులోంచి విజిల్ వస్తోంది" అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. చాలాకాలం తర్వాత ఇద్దరం కలిసి నవ్వుకున్నాం. తర్వాత లేచి వెళ్లాడు, నేను ఆపలేదు.

అయినా బడిలో ధ్యానం ఉండాలన్న మాట మీదే ఉన్నాను. వరండాలో పక్కన కూర్చునే నాన్న లేని పిల్లలు ఉంటారు. కాకపోతే డ్రాయింగ్ తీసేసి పెట్టమని ఇకపై అనను. ఇంకో చోట నుంచి సమయం తీయండి. వారానికి నాలుగు పరీక్షలు పెడుతున్నారు కదా, అందులోంచి తీయండి.

హన్మకొండ అమ్మ

అందరికీ కృతజ్ఞతలు. సంతకం పెట్టే చోట "డ్రాయింగ్ ఉంచి, ధ్యానం ప్రార్థన సమయంలో 10 నిమిషాలు పెట్టండి" అని రాసి పంపాను. మరో ఆరుగురు తల్లులు అదే రాశారు. నిన్నటి సమావేశంలో ఒక డ్రాయింగ్ పీరియడ్ తిరిగి ఇస్తామన్నారు. రెండోదాని సంగతి దసరా తర్వాత చూస్తామన్నారు. రెండోదీ వచ్చేదాకా అడుగుతూనే ఉంటాను.

ఈలోగా, ఉదయం ఐదు గారు చెప్పింది ఇంట్లో చేసి చూశాను. ఆదివారం పొద్దున పాపను వడ్డేపల్లి చెరువుగట్టుకు తీసుకెళ్లాను. ఐదు నిమిషాలు కూర్చుందాం, కళ్లు నీ ఇష్టం, వినిపించినవి విను అన్నాను. తర్వాత పుస్తకం ఇచ్చాను. చెరువు వేస్తుందనుకున్నాను. అది పేజీ మధ్యలో ఒక చిన్న పిట్టను వేసి, దాని చుట్టూ గీతలు, గీతల చుట్టూ గీతలు వేస్తూ పోయింది. ఇవేమిటి అంటే, "దాని అరుపమ్మా, ఇక్కడిదాకా వినిపించింది" అని పేజీ అంచు చూపించింది. తిరుగుదారిలో వేయిస్తంభాల గుడికి వెళ్లాం. నంది ఎదుట కింద కూర్చుని చాలాసేపు చూసింది. ఒక కన్ను వేసింది. రెండోది వచ్చే వారం వేస్తుందట.

కాజీపేట అన్నా, మీకు గట్టు దగ్గరే కదా. వచ్చే ఆదివారం 6 గంటలకు మేం ఉంటాం, అబ్బాయిని తీసుకురండి. కాగితాలు మా దగ్గర ఉన్నాయి, రంగులు మాత్రం ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి.