పరిశోధకురాలు వినతిపత్రం మీద సంతకం పెట్టవచ్చా?

మూడో_ఏడు_పీహెచ్‌డీ:
హైదరాబాదులో విద్యార్థి సంఘాలు సామాజిక న్యాయం కోసం చేసే కృషి మీద పరిశోధన చేస్తున్నాను. పోయిన వారం హాస్టల్ మెట్ల మీద ఒక ఎంఏ అమ్మాయిని ఇంటర్వ్యూ చేయబోతే, "అక్కా, ముందు దీని మీద సంతకం పెట్టండి, తరువాత రికార్డర్ ఆన్ చేయండి" అంటూ వినతిపత్రం చేతికిచ్చింది. ఆలస్యమవుతున్న ఫెలోషిప్పులు, కదలని కుల వివక్ష ఫిర్యాదులు అందులోని విషయాలు. అవి నిజమని నాకూ తెలుసు. థీసిస్ సమర్పించే దాకా ఇలాంటి వాటి జోలికి పోవద్దని మా గైడ్ గారన్నారు. మీరేమంటారు?

విశ్రాంత_అధ్యాపకుడు:
అమ్మా, ఆయన మాటను పిరికితనమని కొట్టిపారేయకండి. విశ్వవిద్యాలయాల్లో సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలని యూజీసీ 2012లో నిబంధనలు తెచ్చింది. అవి కాగితం దాటాయో లేదో తేలాలంటే ఫిర్యాదుల రిజిస్టరు చూడాలి. ఆ బీరువా తాళం ఉన్న ఉద్యోగి, వినతిపత్రంలో మీ పేరు చదివాక మీకు తలుపు తీస్తాడా?

ఓయూ_పాత_కాపు:
గురువుగారూ, సంతకం పెట్టకపోతే మాత్రం తీస్తాడా? 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, హాస్టల్ నుంచి బహిష్కృతులైన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు క్యాంపస్ షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర గుడారం వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. వారిలో ఒకరైన రోహిత్ వేముల అదే నెల 17న ప్రాణాలు తీసుకున్నారు. ఊరి బయటికి నెట్టిన వాడ పేరును విశ్వవిద్యాలయం నడిబొడ్డుకు ఎందుకు తెచ్చుకున్నారో అక్కడ వారితో కూర్చున్న పరిశోధకుడికి తెలుస్తుంది గాని, దూరం నుంచి ఫైళ్లు తిరగేసేవాడికి తెలియదు. (గైడ్ గారి ప్రమోషన్ ఎవరి చేతుల్లో ఉందో కూడా చూసుకోండి, ఇది ఎకసెక్కం కాదు.)

విశ్రాంత_అధ్యాపకుడు:
కూర్చోండి, నేను కాదనను. కూర్చున్న సంగతి థీసిస్‌లో దాచకండి, అంతే. నా అసలు భయం వేరు. న్యాయం కోసం పోరాడే సంఘంలోనే ఆడపిల్లలకు మాట్లాడే వంతు ఎప్పుడొస్తుందో, ఆ సంఘం కాగితం మీద సంతకం చేసినవారు నిలదీసి అడగగలరా?

మూడో_ఏడు_పీహెచ్‌డీ:
సంతకం పెట్టాను. ఆ సంగతి తేదీతో సహా పరిశోధనా పద్ధతి అధ్యాయంలో రాశాను. అయితే గురువుగారి ప్రశ్న నన్ను వదలలేదు. సమావేశాల్లో ఆడపిల్లల వంతు ఎప్పుడొస్తుందని నిన్న అదే అమ్మాయిని అడిగాను. కాసేపు ఆలోచించి, రికార్డర్ ఆపమంది.