కుక్కను వెల్లకిలా పడేసి లొంగదీయడం సరైనదేనా?

మాది ఎంవీపీ కాలనీ. మా లాబ్రడార్ బంటీకి పద్నాలుగు నెలలు. పొద్దున్నే ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తే, ఇంకో కుక్క కనబడగానే నా భుజం ఊడిపోయేలా లాగేస్తాడు. అందుకని ఒక ట్రైనర్‌ని పెట్టుకున్నాం.

ఆయన మొదటి రోజే వాణ్ని వెల్లకిలా పడేసి మెడ నొక్కి పట్టుకున్నాడు. "ఇంట్లో తనే ఆల్ఫా, అంటే గుంపు నాయకుడు, అనుకుంటున్నాడు మేడమ్, లొంగేదాకా వదలకూడదు" అన్నాడు. బంటీ చెవులు వెనక్కి వాల్చి, మూతి నాక్కుంటూ, అక్కడే పాస్ పోసేశాడు. ఇప్పుడు గేటు దగ్గర ఆయన బైక్ చప్పుడు వినబడితే చాలు, మంచం కింద దూరుతున్నాడు. మా ఆయనేమో "చూశావా, దారికొచ్చాడు" అంటారు. నాకైతే అది భయంలాగే ఉంది.

కాస్త చదివాను. రుడాల్ఫ్ షెంకెల్ అనే జంతు పరిశోధకుడు 1947లో, బంధించి ఉంచిన తోడేళ్లను చూసి రాసినదాన్నుంచి ఈ ఆల్ఫా గోల మొదలైందట. దాన్ని జనంలోకి తీసుకెళ్లిన వాళ్లలో ఒకరైన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్ స్వయంగా 1999లో, అడవిలో తోడేళ్ల గుంపంటే మామూలుగా అమ్మానాన్నా పిల్లలూ ఉన్న కుటుంబమేనని రాశారు. తోడేళ్లకే సరిగ్గా కుదరని మాట మా బంటీకి ఎలా కుదురుతుంది?

ఫీజు సగం ముందే కట్టేశాం, అదో ఏడుపు.

కొట్టకుండా, నొక్కకుండా, తిండి ఆశ చూపించి లాగడం మాన్పించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎన్నాళ్లు పట్టింది? పట్టుకున్న భయం పోవడానికి ఏం చేశారు? సోమవారం మళ్లీ క్లాసుంది, ఈలోపు చెప్పండి ప్లీజ్.