అప్‌డేట్: రికవరీ తోడు మనిషి మధ్యలో మానేశాడు, డబ్బు వెనక్కి వచ్చింది (తిరుపతి)

మందు మాన్పించే చికిత్స అయ్యాక మా తమ్ముడికి తోడుగా ఒక ప్రైవేటు సంస్థ మనిషిని పెట్టుకున్నాం. మూడు నెలల డబ్బు ముందే కట్టించుకున్నారు. ఆ అబ్బాయి మధ్యలో మానేశాడు, ఇంకొకరిని పంపలేదు, రిఫండ్ అడిగితే రసీదు మీద ‘నాన్ రిఫండబుల్’ అని ఉంది కదా అన్నారు. అప్పుడే ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెడితే సంస్థ మళ్లీ అదే మాట రాసి పంపింది. పని చేసింది లాయర్ నోటీసు. ఆ షరతు మనమే మనిషిని వద్దనుకుంటే వర్తిస్తుందేమో గానీ, వాళ్లే మనిషిని పంపకపోతే అది సేవాలోపం అన్నారాయన. 2019 వినియోగదారుల చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తామని రాశారు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు కూడా లేదు. వచ్చిన రోజులకు పట్టుకుని మిగతాది ఖాతాలో వేశారు.

మమ్మల్ని నిలబెట్టింది అమ్మ పాల లెక్క నోటుబుక్కు. అందులోనే రోజూ అతనితో సంతకం పెట్టించేది. ‘ఇంక రాను అన్నా, వేరే చోట చేరాను’ అన్న వాట్సాప్ మెసేజ్ కూడా. దయచేసి అలాంటివి చెరిపేయకండి.

పోలీసు కేసు అవసరం పడలేదు. మానసిక ఆరోగ్య చట్టం కింద ఫిర్యాదు మా విషయానికి వర్తించలేదు. అది రోగులను ఉంచుకుని చికిత్స చేసే కేంద్రాల సంగతి.

తమ్ముడు బాగున్నాడు. ఇప్పుడు సాయంత్రాలు మామయ్య తోడుంటున్నాడు.