పోత ఇనుప పెనంపై నూనె పూత జిగటగానే మిగులుతోంది, సలహా చెప్పగలరు

రోజూ వాడే పోత ఇనుప పెనానికి తుప్పు పట్టకుండా, పదార్థాలు అడుగంటకుండా ఉండేందుకు నూనె రాసి కాల్చి పూత పెడుతున్నాను. అయితే చల్లారిన తరువాత ఆ పూత నల్లగా, గట్టిగా నిగనిగలాడవలసింది పోయి, అంచుల దగ్గర గోధుమ రంగులో, వేలికి అంటుకునేంత జిగటగా మిగులుతోంది. నూనె మందంగా ఉంటే సరిగా గట్టిపడదు గనుక, రాసినదంతా పొడిగుడ్డతో తుడిచి పలుచని పొరనే ఉంచుతున్నాను.

నా అనుమానమంతా వేడి మీదనే. గ్యాస్ పొయ్యిపై పెనం మధ్యభాగం బాగా కాలినా, అంచులకు ఆ వేడి అందడం లేదనిపిస్తోంది. ఓవెన్‌లో బోర్లించి 230 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటసేపు ఉంచితే అంతటా సమానంగా గట్టిపడుతుందా? అవిసె నూనె పూత త్వరగా గట్టిపడినా కొన్నాళ్లకు పెచ్చులుగా ఊడుతుందని చాలామంది అంటున్నందున, పొద్దుతిరుగుడు నూనెనే కొనసాగించడం మేలా?

అన్నిటికంటే ముఖ్యంగా తెలుసుకోవలసినది, ఇప్పుడున్న జిగటను మళ్లీ కాల్చి సరిచేయవచ్చా, లేక పూతనంతా గీకివేసి మొదటి నుంచి మొదలుపెట్టాలా అన్నది. టమాటా, నిమ్మరసం వంటి పులుపు పదార్థాలు కొత్త పూతను కరిగిస్తాయి కాబట్టి, వాటిని ఎన్నాళ్ల తరువాత ఆ పెనంలో వండవచ్చో కూడా అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.