డ్రైవర్ లేని బండి మన వరంగల్ వైపు వస్తే ఎక్కుతారా?

హన్మకొండ నివాసి:
ఢిల్లీ మెట్రో మెజెంటా మార్గంలో 2020 డిసెంబరు 28 నుంచి డ్రైవర్ లేకుండా బండ్లు నడుస్తున్నాయి. 2021 నవంబరులో పింక్ మార్గంలోనూ మొదలైంది. చెన్నై మెట్రో రెండో దశకు తయారవుతున్న బండ్లూ అలాంటివే. కాజీపేట, హన్మకొండ, వరంగల్ కలిపి ఒక మెట్రో కావాలని మనం ఎప్పటి నుంచో అడుగుతున్నాం. పొద్దున్నే సికింద్రాబాద్ వెళ్లి రాత్రికి ఇల్లు చేరే ఉద్యోగులు మనలో చాలామంది. రేపు మనకిచ్చే బండిలో డ్రైవరే ఉండడని చెబితే ఒప్పుకుందామా? అందరూ మొహమాటం లేకుండా చెప్పండి.

డీజిల్ కాలనీ:
నేను ఒప్పుకోను. మా ఇంట్లో రెండు తరాలు రైల్వేలోనే పనిచేశాయి, అందుకే ఈ విషయం నాకు కడుపుకోతలా ఉంది. ఢిల్లీ మెట్రో పట్టాల మీదికి బయటివాళ్లు రాలేరు. మన మార్గం అలాంటిదా? కాజీపేట దాటితే ఘనపూర్, జనగామ, ఆలేరు, భువనగిరి అంతటా పట్టాల పక్కనే పొలాలు, పట్టాల మీదే పశువులు, అడ్డంగా దాటే జనం. అటు బల్లార్షా మార్గంలో రామగుండం బొగ్గు గూడ్సులు, సూపర్‌ఫాస్టులు, ప్యాసింజర్లు అన్నీ ఒకే పట్టాల మీద నడుస్తాయి.

లోకో పైలట్ అంటే హ్యాండిల్ తిప్పే మనిషి మాత్రమే అనుకుంటున్నారు. ప్రతి సిగ్నల్ రంగునూ పైలట్, అసిస్టెంట్ ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు. ఎక్కడైనా బండి మామూలుకు భిన్నంగా కుదిపితే ఆ చోటు ఎక్కడో గుర్తుపెట్టుకుని తర్వాతి స్టేషన్‌లో చెబుతారు. ఆ మాట మీదే ట్రాక్ సిబ్బంది వెళ్లి పట్టా విరిగిందా, కింది కంకర కుంగిందా అని చూస్తారు. ఎన్ని ప్రమాదాలు ఆ ఒక్క మాటతో ఆగిపోయాయో లెక్క రాసేవాళ్లు ఎవరూ లేరు.

నిట్ విద్యార్థి:
డీజిల్ కాలనీ గారూ, మీ బాధ అర్థమైంది. అయితే రెండు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి. కాజీపేట–సికింద్రాబాద్ లాంటి తెరిచి ఉన్న మార్గంలో రేపో ఎల్లుండో డ్రైవర్‌ను తీసేస్తారని ఎవరూ అనడం లేదు. మాట్లాడేది కొత్తగా కట్టే మెట్రో గురించి. అక్కడ పట్టాలు స్తంభాల మీదో సొరంగంలోనో ఉంటాయి, ప్లాట్‌ఫాం అంచున అద్దాల తలుపులు పెట్టవచ్చు.

ఆటోమేషన్‌కు, అంటే బండిని కంప్యూటర్ నడపడానికి, సున్నా నుంచి నాలుగు వరకు స్థాయిలు ఉన్నాయి. సున్నా అంటే అంతా మనిషే, నాలుగు అంటే బండిలో మనిషే అక్కర్లేదు. 2017 నవంబరులో మొదలైన హైదరాబాద్ మెట్రో రెండో స్థాయి పద్ధతిలో ఉంది. వేగం పెంచడం, తగ్గించడం, స్టేషన్‌లో సరిగ్గా ఆపడం కంప్యూటరే చేస్తుంది. ముందు కూర్చున్నవారు తలుపులు చూసి బండిని కదిలిస్తారు, అవసరమైతే చేతిలోకి తీసుకుంటారు. అమీర్‌పేటలో దిగే మనవాళ్లంతా ఇప్పటికే కంప్యూటర్ నడిపే బండిలోనే వెళ్తున్నారు. పూర్తిగా డ్రైవర్ లేని బండి కొత్త ప్రయోగమూ కాదు. జపాన్‌లోని కోబేలో 1981 నుంచి, ఫ్రాన్స్‌లోని లిల్‌లో 1983 నుంచి ఉంది.

మనిషి తప్పుల సంగతీ చూడండి. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర ఒక ప్యాసింజరును వెనుక నుంచి వచ్చిన మరో ప్యాసింజరు ఢీకొట్టింది. ఆ మార్గంలో కవచ్ లేదు. సిగ్నల్ దాటిపోతున్న బండికి దానంతట అదే బ్రేకు వేసే ఆ వ్యవస్థను మన దక్షిణ మధ్య రైల్వేలోనే పరీక్షించారు. అది అక్కడ ఉంటే ఎంతమంది బతికేవారో!

మడికొండ:
ఆమధ్య జమ్మూలోని కథువాలో గూడ్సు బండి డ్రైవర్ లేకుండా పరుగెత్తింది కదా. ఆ వీడియో చూసినప్పటి నుంచి డ్రైవర్ లేని బండి అంటేనే మా అమ్మ వణికిపోతోంది.

నిట్ విద్యార్థి:
అది 2024 ఫిబ్రవరి 25 నాటి సంగతి. బ్రేకులు సరిగ్గా బిగించకుండా దిగిపోతే, వాలు మీద బండి దొర్లుకుంటూ దాదాపు 70 కిలోమీటర్లు పోయింది. అందులో ఆటోమేషన్ ఏమీ లేదు. దాన్ని చూపించి మెట్రో వద్దనడం న్యాయం కాదు.

డీజిల్ కాలనీ:
సరే, ఆటోమేషన్ ఉన్న చోటే చూద్దాం. 2009 జూన్ 22న వాషింగ్టన్ మెట్రోలో, పట్టాల మీద బండి ఉందో లేదో పసిగట్టే ట్రాక్ సర్క్యూట్ చెడిపోయి, ముందు ఆగి ఉన్న బండి వ్యవస్థకు కనబడలేదు. ఆటోమేటిక్ పద్ధతిలో వస్తున్న వెనుక బండి దాన్ని ఢీకొట్టింది. తొమ్మిది మంది పోయారు, వారిలో ఆ బండి డ్రైవర్ ఒకరు. అత్యవసర బ్రేకు వేసింది ఆమే. కంప్యూటర్ వేయలేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి అక్కడ మనుషులే చేత్తో నడిపారు. 2019 జూన్ 1న జపాన్‌లోని యోకోహామాలో డ్రైవర్ లేని బండి చివరి స్టేషన్ నుంచి వెనక్కి కదిలి గోడ వైపున్న అడ్డుకట్టను గుద్దింది, పది మందికి పైగా గాయపడ్డారు. కారణం తెగిన ఒక్క తీగ.

ఆర్టీసీ ఇల్లు:
భద్రత సంగతి ఇంజినీర్లు తేల్చుకుంటారు. నేను అడిగేది వేరు. పారిస్‌లో 1900 నాటి ఒకటో మార్గాన్ని 2011, 2012లలో డ్రైవర్ లేనిదిగా మార్చారు. పద్నాలుగో మార్గం 1998లో పుట్టుకతోనే అలాంటిది. నగరమంతా సమ్మెతో ఆగినా ఆ రెండూ మామూలుగా నడుస్తాయి. ప్రయాణికుడికి అది వరం, నేను కాదనను. కానీ 2019 అక్టోబరులో ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగినప్పుడు, యాభై రోజులకు పైగా వేల కుటుంబాలు జీతం లేకుండా నిలబడ్డప్పుడు, వారి చేతిలో ఉన్నది బస్సు ఆపగల శక్తి ఒక్కటే. మేం ఆ రోజులు చూశాం. ఆ శక్తి కూడా లేకపోతే పని చేసేవాడి మాట ఎవరు వింటారు? హైదరాబాద్ మెట్రోలో మన జిల్లాల ఆడపిల్లలు బండి నడుపుతుంటే గర్వపడ్డాం. వాళ్ల తర్వాత వచ్చే పిల్లలకు ఆ సీటే ఉండదంటే సంతోషించమంటారా?

నిట్ విద్యార్థి:
పారిస్‌లో ఆ మార్గం డ్రైవర్లను ఇంటికి పంపలేదు, ఇతర మార్గాలకు, ఇతర పనులకు మార్చారు. ఇక్కడ కొత్త మెట్రోకు తీసేయడానికి పాత ఉద్యోగులే లేరు. అయినా మీ ప్రశ్న సరైనదే, దానికి సాంకేతిక సమాధానం నా దగ్గర లేదు.

జనగామ ప్రయాణికురాలు:
ఇంతసేపూ అందరూ బండి ముందు భాగం గురించే మాట్లాడారు. నేను కూర్చునేది పెట్టెలో. రాత్రి బండిలో జనం పలుచబడ్డాక ఎవరైనా వచ్చి వేధిస్తే, ఎవరికైనా గుండెనొప్పి వస్తే, బండి మధ్యలో ఆగి కరెంటు పోతే నాకు కావలసింది లేచి వచ్చే మనిషి. గోడకున్న బటన్ నొక్కితే ఎక్కడో కంట్రోల్ గదిలో ఒకరు పలుకుతారట. వాళ్లు నా దగ్గరికి రావడానికి ఎంతసేపు పడుతుంది?

లండన్‌లో డాక్‌లాండ్స్ రైలు 1987 నుంచి డ్రైవర్ క్యాబిన్ లేకుండా నడుస్తోంది. అయినా ప్రతి బండిలో ఒక ఉద్యోగి ఉంటారు. తలుపులు చూస్తారు, టికెట్లు చూస్తారు, ప్రయాణికులకు సాయం చేస్తారు, వ్యవస్థ మొరాయిస్తే బండి నడపడానికీ శిక్షణ ఉంటుంది. నాకు కావలసింది ఇదే. హ్యాండిల్ కంప్యూటర్ చేతిలో ఉన్నా నాకు అభ్యంతరం లేదు. మనిషిని మాత్రం బండిలోంచి దించకూడదు. అద్దాల గదిలో ఒంటరిగా కూర్చునే ఉద్యోగం కంటే మన మధ్య తిరిగే ఉద్యోగం మాకే ఎక్కువ ఉపయోగం.

డీజిల్ కాలనీ:
అమ్మా, మీరు చెప్పింది నాకు నచ్చింది. కానీ ఖర్చు తగ్గుతుందనే ఆశతోనే డ్రైవర్‌ను తీసేవాళ్లు ఇంకో మనిషిని ఎందుకు పెడతారు? మొదటి ఏడాది పెట్టి, రెండో ఏడాది మెల్లగా తీసేస్తారు.

జనగామ ప్రయాణికురాలు:
అందుకే టెండరు పత్రంలోనే రాయించాలండీ. ప్రతి బండిలో, చివరి సర్వీసు దాకా, శిక్షణ పొందిన ఉద్యోగి ఒకరు ఉండాలి, తీసేయాలంటే ముందు బహిరంగ విచారణ జరగాలి అని. ఈ రెండు వాక్యాలతో వినతిపత్రం రాస్తాను. ఆర్టీసీ ఇల్లు గారూ, కార్మికుల వైపు నుంచి చేర్చాల్సింది మీరు రాసి పంపండి.