ర్యాలీల కోసం పుట్టిన పాత జపాన్ టర్బో కారును ఇంటి కారుగా ఉంచుకోవచ్చా?

ప్రశ్న – ఆక్లాండ్ వాసి

అందరికీ నమస్కారం. మేము న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో ఉంటున్నాం. మా పిల్లలిద్దరూ ఇంకా చైల్డ్ సీట్లలో కూర్చునే వయసువారే. ఇప్పుడున్న చిన్న కారు చాలక, పెద్ద డిక్కీ ఉన్న స్టేషన్ వ్యాగన్ కోసం వెతుకుతుండగా, జపాన్ నుంచి దిగుమతైన 1997 నాటి సుబారు లెగసీ జీటీ-బీ ఒకటి అమ్మకానికి కనిపించింది. రెండు టర్బోల (ఇంజిన్‌లోకి అదనపు గాలిని నెట్టే పరికరాల) ఇంజిన్, మాన్యువల్ గేర్లు, ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న ఆ కారులో ఏ మార్పూ చేయించలేదని యజమాని చెబుతున్నారు. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో నీలిరంగు సుబారులు మట్టి దారుల్లో దూసుకుపోవడం టీవీలో చూసినప్పటి నుంచి ఈ కార్లంటే నాకు ప్రాణం.

రోజూ పిల్లలను బడికి తీసుకువెళ్లడానికి ఇంత పాత టర్బో కారు మీద ఆధారపడవచ్చా? కొనేముందు ఏమేం పరీక్షించాలి? కొన్నేళ్ల తర్వాత మేము హైదరాబాద్‌కు తిరిగి వెళ్లిపోతే దీన్ని వెంట తీసుకువెళ్లే వీలుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 – క్రైస్ట్‌చర్చ్ లెగసీ

ఈ తరం లెగసీని నేను చాలా ఏళ్లుగా నడుపుతున్నాను, ఇప్పటికీ మా ఇంటి అవసరాలన్నీ దానితోనే తీరుతున్నాయి. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా సమాధానం అవుననే. అయితే సర్వీసు విషయంలో ఒక్క వాయిదా కూడా వేయనని మీకు మీరు మాట ఇచ్చుకోగలిగితేనే కొనండి.

జీటీ-బీ 1996లో వచ్చింది. మాన్యువల్ గేర్ల కారుకు 280 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), ఆటోమేటిక్‌కు 260 పీఎస్ శక్తి ఉండేది. ఆ రోజుల్లో జపాన్ కంపెనీలన్నీ 280 దాటకూడదని తమలో తాము ఒక అవగాహనకు వచ్చాయి. పెద్ద పెద్ద స్పోర్ట్స్ కార్లకు కూడా వర్తించిన ఆ హద్దును రెండు లీటర్ల ఇంజిన్ ఉన్న కుటుంబ వ్యాగన్ అందుకోవడం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.

ఇందులోని టర్బోలు రెండూ మొదటి నుంచీ కలిసి పనిచేయవు. తక్కువ వేగంలో ఒక్కటే ఊదుతుంది. ఇంజిన్ సుమారు 4,000 ఆర్‌పీఎం దాటాక రెండోది తోడవుతుంది. ఆ మార్పు జరిగే కొద్ది క్షణాలు ఊపు సన్నగిల్లి, మళ్లీ బలంగా అందుకుంటుంది. అది ఆ అమరిక స్వభావమే తప్ప జబ్బు కాదు. కానీ ఆ ఊపు తిరిగి రాకపోతే రెండో టర్బో చేరడం లేదని అర్థం. అప్పుడు కూడా టర్బోనే పోయిందని అనుకోకండి. ఆ మార్పును నడిపించే కవాటాలకు వెళ్లే సన్నని వ్యాక్యూమ్ గొట్టాలు బానెట్ కింద చాలా ఉంటాయి. ఇన్నేళ్ల వేడికి ఆ రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. అన్నిటినీ ఒకేసారి కొత్త సిలికాన్ గొట్టాలతో మార్పించడం మేలు. కాకపోతే ఏది ఎక్కడికి వెళ్లాలో తెలిసిన మెకానిక్ చేతే ఆ పని చేయించాలి.

టైమింగ్ బెల్టును 1,00,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చాలి. అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ పాడవుతుంది కనుక, బెల్టుతో పాటు టెన్షనర్, పుల్లీలు, వాటర్ పంపు కూడా మార్చినట్టు రసీదు చూపించమనండి. రసీదు లేకపోతే మార్చలేదనే లెక్కవేసుకుని, ఆ ఖర్చును బేరంలో తగ్గించండి. నాలుగు టైర్లూ ఒకే రకంవి, ఒకే మేరకు అరిగినవి అయి ఉండాలి. ఒక జత కొత్తది, ఒక జత అరిగినది ఉంటే చక్రాల చుట్టుకొలతలో తేడా వచ్చి, ముందు, వెనుక చక్రాలకు శక్తిని పంచే మధ్య డిఫరెన్షియల్‌లోని విస్కస్ కప్లింగ్ తెరిపి లేకుండా పనిచేసి వేడెక్కి దెబ్బతింటుంది. పెట్రోలు విషయంలో పొదుపు వద్దు. జపాన్‌లో దొరికే 100 ఆక్టేన్‌కు తగినట్టు తయారైన ఇంజిన్ కాబట్టి ఇక్కడ 98 పోయించండి.

మీరు చూడటానికి వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలని యజమానికి ముందే చెప్పండి. చల్లని ఇంజిన్ మొదలైనప్పుడు వినిపించే శబ్దమే అన్నిటికన్నా ఎక్కువ నిజం చెబుతుంది. అడుగు నుంచి బరువైన దడదడ వినిపిస్తే అది క్రాంక్ బేరింగులది కావచ్చు. అలాంటి కారును ఎంత చవకగా ఇచ్చినా వదిలేయండి.

జవాబు 2 – టెక్సాస్ గాలంట్

మీరు టీవీలో చూసినవి బహుశా సుబారువారి మరో మోడల్ ఇంప్రెజాలు. అయితే వాటికి దారి వేసినది మొదటి తరం లెగసీయే. 1986లో కోర్సికా ర్యాలీలో డ్రైవర్ హెన్రి తోయ్‌వొనెన్, ఆయన సహచోదకుడు సెర్జియో క్రెస్టో మరణించిన తర్వాత, ఆ ఏడాదితోనే అతివేగపు గ్రూప్ బీ కార్లకు తెరపడి, 1987 నుంచి గ్రూప్ ఏ ప్రధాన తరగతి అయింది. ర్యాలీలో దించదలచిన కారును ఏడాదిలో కనీసం 5,000 తయారుచేయాలని ఆ తరగతి నియమం. అంతమంది కొనాలంటే అది నాలుగు తలుపులతో, వెనుక సీట్లో పిల్లలకు చోటుతో, మామూలు ధరకు దగ్గరగా ఉండాలి. మజ్దా 323, మిత్సుబిషి గాలంట్ వీఆర్-4, లెగసీ ఆర్ఎస్ వంటి కార్లలో టర్బో, ఫోర్ వీల్ డ్రైవ్ కలిసి రావడానికి ఆ ఒక్క నియమమే ప్రధాన కారణమని నేను నమ్ముతాను.

1993లో మీ న్యూజిలాండ్ ర్యాలీలోనే స్కాట్లండ్ డ్రైవర్ కోలిన్ మెక్‌రే లెగసీతో గెలిచారు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆయనకూ, సుబారుకూ అదే తొలి విజయం. ఆ వెంటనే ఫిన్లాండ్‌లో ఇంప్రెజా బరిలోకి దిగింది. ఆక్లాండ్‌కు దక్షిణాన ఉన్న పుకెకోహెకు చెందిన ర్యాలీ డ్రైవర్ పాసమ్ బోర్న్‌ను కూడా తలచుకోవాలి. ఆయన సుబారు నడుపుతూ 1996 నుంచి 2002 వరకు వరుసగా ఏడుసార్లు ఆస్ట్రేలియా ర్యాలీ ఛాంపియన్ అయ్యారు, 2003లో కన్నుమూశారు. మీరు చూస్తున్న రెండో తరం లెగసీ స్వయంగా ప్రపంచ ర్యాలీల్లో పరుగెత్తినది కాదు, ఆ వారసత్వాన్ని ఇంటికి తెచ్చిన కారు. నా దృష్టిలో దాని విలువ అందువల్ల తగ్గదు.

నా దగ్గరున్నది 1991 గాలంట్ వీఆర్-4. ఆ ఏడాది అమెరికాకు వచ్చినవి 2,000 మాత్రమే, కారు లోపల దాని వరుస సంఖ్య ఉన్న ఫలకం ఉంటుంది. దీని 4జీ63 ఇంజినే తర్వాత తొమ్మిదో తరం దాకా మిత్సుబిషివే అయిన లాన్సర్ ఎవల్యూషన్‌లలో కొనసాగింది కాబట్టి ఇంజిన్ భాగాలు సులభంగానే దొరుకుతాయి. కష్టమంతా ఈ మోడల్‌కు మాత్రమే సరిపోయే లైట్లు, బంపర్లు, తలుపు రబ్బర్లు, లోపలి ప్లాస్టిక్ ముక్కలతోనే. అందుకే యాంత్రికంగా కొంత పని ఉన్నా, పైభాగం, లోపలి భాగం చెక్కుచెదరని కారునే ఎంచుకోమని నా సలహా.

జవాబు 3 – సికింద్రాబాద్ నుంచి

మూడో ప్రశ్నకు నేను జవాబిస్తాను. వాడిన కారును భారతదేశానికి దిగుమతి చేసుకోవాలంటే అది మూడేళ్ల లోపుదై ఉండాలన్నది సాధారణ నియమం. కాబట్టి 1997 నాటి కారును హైదరాబాద్‌కు తెచ్చుకునే ఆశ పెట్టుకోకండి. తిరిగి వచ్చే రోజున దాన్ని అక్కడే మంచి చేతుల్లో పెట్టాల్సి ఉంటుందని ఇప్పుడే మనసుకు చెప్పుకోండి.

పైవారి మాటలన్నీ గౌరవిస్తూనే ఒక విషయంలో విభేదిస్తున్నాను. ఇంట్లో ఉన్నది ఒకే కారైతే, అందులో కూర్చునేది పసిపిల్లలైతే, 1990ల నాటి భద్రతా ప్రమాణాలను తేలికగా తీసుకోకూడదు. చైల్డ్ సీటును నేరుగా కారుకు బిగించే ఐసోఫిక్స్ కొక్కేల వంటివి ఆ కాలపు కార్లలో ఆశించలేం. చైల్డ్ సీటు పైపట్టీ బిగించే చోటు కూడా కొన్ని దిగుమతి కార్లలో విడిగా అమర్చుకోవలసి వస్తుంది. మీకు లెగసీయే కావాలంటే 2003లో వచ్చిన నాలుగో తరం జీటీని చూడండి. రెండు టర్బోల చిక్కు వదిలి ఒకే టర్బోతో వచ్చిన ఆ లెగసీ, ఆ ఏడాది జపాన్ కార్ ఆఫ్ ది ఇయర్‌గా ఎంపికైంది.

ఆక్లాండ్ వాసి

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. పిల్లల సీట్ల సంగతి నేను ఇంత లోతుగా ఆలోచించలేదు. 1997 కారును మెకానిక్‌తో కలిసి చూస్తాను, పైపట్టీ బిగించే చోటు ఉందో లేదో ముందుగా అదే చూస్తాను. నాలుగో తరం జీటీని కూడా పక్కన పెట్టి పోల్చుకుంటాను. అందులో ప్రత్యేకంగా చూడవలసినది ఏదైనా ఉందా?

క్రైస్ట్‌చర్చ్ లెగసీ

ఉందండి. సికింద్రాబాద్ మిత్రుల సూచన సరైనదే, రెండో కారు పెట్టుకునే వీలు లేకపోతే నేనూ అటే మొగ్గుతాను. ఆ కారులో టర్బోకు ఆయిల్ అందించే గొట్టం బోల్టులో చిన్న జల్లెడ ఉంటుంది. ఆయిల్ సకాలంలో మార్చని కార్లలో అది మడ్డితో మూసుకుపోయి టర్బో ఎండిపోతుంది. అందువల్ల ఆయిల్ మార్పుల రికార్డు క్రమంగా ఉందో లేదో చూడండి, కొన్న వెంటనే ఆ జల్లెడను విప్పించి శుభ్రం చేయించండి. తర్వాత 5,000 కిలోమీటర్లకు ఒకసారి ఆయిల్ మార్పించడం మాత్రం రెండు కార్లకూ సమానమే.